కట్టెయ్యని నల్లా

సెప్టెంబరు 9, సోమవారం

జాషువా ఇవాళ కొట్టు మూసి వచ్చేటప్పుడు మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. విత్తనాలూ పురుగుమందులూ బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు కుటుంబంతో సహా విదేశం తిప్పి తీసుకొస్తారు. పోయినేడు బ్యాంకాక్ అన్నారు, మాకు అందలేదు. ఈ ఏడు అందింది. ఏ దేశమంటే వెంటనే చెప్పలేక జేబులోంచి కాగితం తీసి చదివాడు. ఆర్మేనియా అట.

చౌటుప్పల్లో ఆ పేరు విన్నవాళ్లు ఉంటారనుకోను. పక్కింటి బీరమ్మ "అల్మోనియమా?" అంది. నేను టీచరమ్మను కదా, అన్నీ తెలిసినట్టు తలాడించాను. తర్వాత మా అమ్మాయి గ్రేస్‌ది పాత అట్లాసు తీసి వెతికితే ఆ దేశం నా చూపుడు వేలి గోరు కింద దాక్కుని ఉంది.

మూడు టికెట్లు. నేనూ జాషువా గ్రేసూ. సరిగ్గా దసరా సెలవుల్లో. పెళ్లయి ఇరవై రెండేళ్లలో మేం కలిసి పోయిన దూరం శ్రీశైలం డ్యాం దాకే.

ఇంకో సంగతి. శనివారం నల్లగొండలో మెడకూ నడుముకూ తీయించిన ఎక్స్‌రే బీరువాలో పట్టుచీరల కింద ఉంది. డాక్టరుకు చూపించలేదు. జాషువాకు చెప్పలేదు. టూరు అయ్యాక చూద్దాం. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది మెడ పట్టేసింది, అంతే.

సెప్టెంబరు 12, గురువారం

గ్రేస్ రాదట. జడ్చర్లలో మందుల కంపెనీలో ట్రైనింగు, సెలవు ఇవ్వరట. ఫోన్లో ఏడుస్తుందనుకుంటే హుషారుగా ఉంది.

"మమ్మీ, నా టికెట్ అమ్మమ్మకియ్యి. పాస్‌పోర్ట్ ఉండనే ఉంది గదా."

ఉంది. ఆరేళ్ల కింద చర్చి వాళ్లతో జెరూసలేం పోదామని నాయినా అమ్మా తీయించుకున్నారు. ఆ నెలలోనే నాయిన మంచం పట్టాడు, లేవలేదు. రెండు పాస్‌పోర్టులూ ఒక్క ముద్ర పడకుండా ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. అప్పటినుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది.

అమ్మను ఎలా తీసుకెళ్లడం? మా పుట్టినూరు మర్రిగూడలో ఫ్లోరైడు బోరు నీళ్లు ముప్పై ఏళ్లు తాగిన మనిషి. నడుము సగానికి వంగిపోయి బిగుసుకుంది. నిలబడితే నాలుగడుగుల అవతల నేల తప్ప ఏమీ కనబడదు. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే ఒళ్లంతా పక్కకు తిప్పాలి. నేను ఆలోచించేదంతా ఆమె మంచి కోసమే. కారణాలు రాసి పెడుతున్నాను. చలి. నడక. తిండి. విమానంలో అన్ని గంటలు కూర్చోవడం. ఐదోది ఒకటుంది, అది రాయను.

సెప్టెంబరు 15, ఆదివారం

జాషువా నన్ను అడక్కుండానే అమ్మకు చెప్పేశాడు. చర్చినుంచి వస్తూ దారిలోనే. ఈయనకు నోట్లో నువ్వుగింజ నానదు.

అమ్మ దేశం పేరు అడగలేదు. ఎంత దూరమని అడగలేదు.

"గాడ నీళ్లు బోరువా, కృష్ణవా?" అంది.

కొత్త ఊరు పేరెత్తితే అమ్మ అడిగే మొదటి మాట అదే. నా పెళ్లిచూపుల్లో కూడా జాషువా వాళ్లను అదే అడిగింది. కులాసా కబుర్లన్నీ దాని తర్వాతే.

"నాకు తెల్వదత్తమ్మా. పోయి చూద్దాం" అన్నాడు జాషువా.

"ఐతే నా నీళ్లు నేను తెచ్చుకుంట."

సెప్టెంబరు 22

మెడ బాగానే ఉంది.

సెప్టెంబరు 29

బాగానే ఉంది. స్కూల్లో కింద పడిన చాక్‌పీసు పిల్లలతో తీయించాను. వాళ్లకు టీచరుకు సాయం చేయడం సరదా.

అక్టోబరు 4, శుక్రవారం. షార్జాలో విమానం మారడానికి కూర్చుని

శంషాబాద్‌లో జరిగింది రాయకపోతే నాకు ఊపిరాడదు.

అమ్మ చేతిసంచిలో రెండు లీటర్ల క్యాను. నిండా మా ఇంటి నల్లా నీళ్లు. తనిఖీ దగ్గర యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఆపింది. "నీళ్లు లోపలికి రానియ్యరమ్మా. ఆ డబ్బాల పారబోయండి."

"పారబోసుడేంది బిడ్డా? కృష్ణ నీళ్లివి!"

వెనక లైను పెరుగుతోంది. మాతో వస్తున్న జడ్చర్ల డీలరు భార్య నాగరాణి, కొత్త కోటు వేసుకుని, సరిగ్గా మా వెనకే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. "పారబోయమ్మా, అందరూ చూస్తుండ్రు" అని చెవిలో అన్నాను.

అమ్మ పక్కకు జరిగి, సంచిలోంచి స్టీలు గ్లాసు తీసింది. రెండు గ్లాసులు తను తాగింది. ఒకటి నాకు, ఒకటి జాషువాకు. తర్వాత నాగరాణికి చాపింది. "తాగు బిడ్డా, మంచి నీళ్లు." నాగరాణి బిత్తరపోయి తాగేసింది. ఆమె భర్త తాగాడు. వెనకున్న ముసలాయన తాగాడు. చివరి గ్లాసు ఆ యూనిఫాం అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి గటగటా తాగి, మూతి తుడుచుకుని "పో అవ్వా" అంది. ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఖాళీ క్యాను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

అక్టోబరు 5, శనివారం. యెరెవాన్

ఊరంతా గులాబీ రంగు రాయి. ఇళ్లూ ఆఫీసులూ అన్నీ అదే. పొద్దుటెండ పడితే గోడలు లోపలినుంచి వెలిగినట్టున్నాయి. ఇలాంటి ఊరు ఒకటి ఉందని నలభై నాలుగేళ్లు తెలియకుండా బతికాను. పిల్లలకు భూగోళం చెప్పానని ఏ మొహంతో అనుకున్నానో.

హోటలు దాటి నాలుగడుగులు వేశామో లేదో అమ్మ ఆగిపోయింది. ఫుట్‌పాత్ పక్కన నడుమెత్తు రాతి దిమ్మె. దాని మీద చిన్న రంధ్రంలోంచి బొటనవేలంత లావున నీళ్లు పైకి చిమ్మి, రాతి మీదే పడి, పక్క సందులోంచి కాలువలోకి పోతున్నాయి. చుట్టూ ఎవరూ లేరు.

"ఎవలో నల్లా కట్టెయ్యక పోయిండ్రు" అంది అమ్మ. చీరకొంగు బిగించి దిమ్మె చుట్టూ తిరిగింది. రాయంతా తడిమింది. తిప్పడానికి ఎక్కడా ఏమీ లేదు. ఇక లాభం లేదని అరచేయి పెట్టి అదిమింది. నీళ్లు నాలుగు వైపులా చీలి లేచాయి. నాగరాణి కోటు తడిసింది, అటుగా పోతున్న ఒక టై కట్టుకున్నాయన చొక్కా తడిసింది. ఆయన నవ్వి, అమ్మ చేయి తీసేదాకా ఆగి, వంగి నాలుగు గుక్కలు తాగి తన దారిన పోయాడు.

"గట్ల పోతవేంది, కట్టేసి పో!" అని అమ్మ వెనకనుంచి కేకేసింది.

మా గైడు అర్మినే అని ముప్పైలోపు పిల్ల. ఇంగ్లీషులో చెప్తుంది, నేను తెలుగు చేస్తాను. ఈ దిమ్మెను పుల్‌పులాక్ అంటారట. ఊళ్లో వీధివీధికీ ఉన్నాయి. నీళ్లు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి.

"కట్టెయ్యరా? ఎన్నడు కట్టెయ్యరా?"

"లేదట అమ్మా."

"బోరువా, కృష్ణవా?"

అర్మినేకి ఈ ప్రశ్నను ఎలా చెప్పాలో తెలియక నీళ్లెక్కడివని అడిగాను. కొండ మీద కరిగిన మంచు అంది. అమ్మ దోసిట్లో పట్టి నాలుకకు తగిలించి చూసింది. "పేరు పులుపంటివి. పులుపేం లేదు. తియ్యగున్నయి."

జాషువా పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ, మా ఊరి బోరింగు దగ్గర ఇలా ధారాళంగా నీళ్లు చూసిన రోజు నాకు గుర్తొచ్చింది.

తర్వాత చౌరస్తాలో డీలర్లంతా గ్రూప్ ఫొటో దిగారు. అమ్మను బస్సులో కూర్చోబెట్టాను. అలసిపోతుందని.

అక్టోబరు 6, ఆదివారం

కొండ చూశాను. కొండ అని రాస్తే నవ్వొస్తోంది. మన దగ్గర రాచకొండ గుట్టలను కూడా కొండలే అంటాం మరి.

చదును నేల, ద్రాక్షతోటలు, వాటి అవతల ఏ ఆధారం లేకుండా ఒక్కసారిగా లేచి ఆకాశంలో కూర్చుంది. అడుగున నీలం, పైన తెలుపు. నడుమ మబ్బు పట్టీ ఉంది, దాని పైన ఇంకా కొండే ఉంది. అరారాత్ అట. జలప్రళయంలో ఓడ ఆగిన కొండ అని చర్చిలో చిన్నప్పటినుంచి విన్నదే. నిజంగా ఒక చోట ఉంటుందని, దాని ఎదుట నేను నిలబడతానని ఎన్నడూ అనుకోలేదు. డీలర్లందరూ ఫోన్లు పట్టుకుని కూడా తీయడం మరిచి చూస్తున్నారు.

అమ్మ నేల చూస్తోంది. ఒళ్లు ఎటు తిప్పినా ద్రాక్షతోట దాకే ఆమెకు కనబడేది.

"ఏముందే గాడ? అందరు సప్పుడు జేస్తలేరు?"

నేను చెప్పబోయాను. జాషువా ఆగమన్నాడు. పక్కనే పొడుగాటి రాతి బెంచీ ఉంది. దాని మీద తన కోటు పరిచి, అత్తను ఎత్తి, పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు తల కింద తన చేయి పెట్టాడు. ఆయన వంక నాగరాణి చూస్తోంది, అందరూ చూస్తున్నారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎందుకు వేశానో తెలుసు. రాయను.

అమ్మ పక్కవాటుగా కొండను చూసింది.

"వాయ్యో" అంది. "గంత మంచు కరిగితే ఎన్ని బిందెలైతయో" అంది. తర్వాత, "మీ నాయినుండాలె. నిలవడి చూసెటోడు" అని కళ్లు తుడుచుకుంది.

నాయిన కూడా నిలబడి చూసేవాడు కాదు. చివరి నాలుగేళ్లు నాయిన నడుమూ అంతే. అమ్మకు మాత్రం నిటారుగా ఉన్న నాయినే గుర్తు.

అక్టోబరు 7, సోమవారం

ఇవాళ కొండను తొలిచిన చర్చికి తీసుకెళ్లారు. కట్టింది కాదు, తొలిచింది. గోడ, స్తంభం, కప్పు అన్నీ ఒకే బండ. కప్పులో ఒక కన్నం, అందులోంచి వెలుగు నిటారుగా కిందికి దిగుతోంది. లోపల ఒక మూల బండలోంచి నీళ్లు ఊరి, నేలలో చెక్కిన సన్నటి కాలువలో పోతున్నాయి. వందల ఏళ్లుగా పోతున్నాయట. జాషువా పాట ఎత్తుకున్నాడు, ఒకే చరణం. ఆయన ఆపాక కూడా ఆ గొంతు రాతిలో తిరుగుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ పోలేదు, ఏమీ పోలేదు, అయినా వచ్చింది.

అమ్మ చెప్పులు బయటే విడిచి, ఆ కాలువలో కాలు తగలకుండా దాటింది.

బయట మరో పుల్‌పులాక్. దాని మీద ఆ దేశపు అక్షరాలు. ఏం రాశారని అమ్మ అడిగించింది. ఇది ఒక మనిషి పేరట. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ల పేరున ఇలా నీళ్లు పెట్టించే అలవాటు ఇక్కడ ఉందట. దారినపోయేవాళ్లు తాగినప్పుడల్లా ఆ మనిషికి పుణ్యమని.

అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. ఆమెకు మన అక్షరాలే రావు. అయినా చివరిదాకా తడిమింది.

"మీ నాయినసోంటోడు" అంది.

నాయిన సంగతి ఇదివరకు ఎక్కడా రాసుకోలేదు. నాకు ఆరేళ్లప్పుడు మా వాడకు నీళ్లు లేవు. పెద్ద బావి దగ్గర బిందె కింద పెట్టి, ఎవరో దయతలచి చేది పోసేదాకా నిలబడాలి. నాయిన పదకొండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి వాడకు బోరింగు వేయించాడు. మొదటి నీళ్లు వచ్చిన రోజు ఇదిగో ఇలాగే ధారాళంగా పడ్డాయి. మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు. "తాగు బిడ్డా, ఇగ ఎవల్నీ అడుక్కునుడు లేదు" అన్నాడు. పెళ్లయి వచ్చేదాకా ఆ నీళ్లే తాగాను. వాటిలో ఏముందో ఆయనకేం తెలుసు.

మెడ బాగానే ఉంది అని రాయబోయి ఆగాను.

అక్టోబరు 8, మంగళవారం

రేపు తిరుగు ప్రయాణం. ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం బజారులో అందరూ కొనుక్కుంటుంటే అమ్మ పుల్‌పులాక్ దగ్గరికి పోదామంది. ఖాళీ క్యాను నింపుకోవాలట. సెలవు సాయంత్రంలా ఉంది బజారు, దిమ్మె దగ్గర లైను. మేమూ నిలబడ్డాం. ముందు ఒక సిపాయి. తర్వాత చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి. తర్వాత ఎత్తు మడమల చెప్పుల పిల్ల. తర్వాత ఖరీదైన సూటు వేసుకున్న ముసలాయన. గ్లాసు లేదు, చెంబు లేదు. ప్రతి ఒక్కరూ వంగి నోటితో అందుకుని తాగాలి.

అమ్మ లైను వదిలి దిమ్మె పక్కకు వెళ్లి నిలబడింది. నేను పిలిచినా రాలేదు. ఎందుకో చూస్తే తెలిసింది.

అమ్మ మనుషుల ముఖాలు చూస్తోంది. సిపాయి వంగాడు, ఆయన ముఖం అమ్మ ముఖం ఎదురుగా వచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఆమెను చూసి నవ్వాడు. తల్లి వంగింది, నవ్వింది. ఆ పిల్ల వంగింది. ముసలాయన టోపీ తీసి మరీ వంగాడు, ఏదో పలకరించాడు. అమ్మ "బాగున్నవా అయ్యా" అంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు అందరూ మా అమ్మ ఎత్తుకు వంగుతున్నారు. ఆ ఊరంతటిలో వంగే పని లేని మనిషి ఆమె ఒక్కతే. తన వంతు రాగానే ఉన్నచోటనుంచే నోరు పెట్టి తాగింది. ఆ రాయి ఆమెను కొలిచి కట్టినట్టుంది.

నేను అలా చూస్తూ నిలబడిపోయాను. కొండ ఎదుట కూడా నాకు అంత గొప్పగా అనిపించలేదు.

"నువ్వు తాగు బిడ్డా" అంది.

వంగాను. వంగలేదు. మెడ కర్రలా ఉంది, నడుము సగంలో ఆగిపోయింది. నీళ్లకూ నా నోటికీ జానెడు దూరం. ఇంకోసారి ప్రయత్నించాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ ఒళ్లంతా తిప్పి నా ముఖం చూసింది.

"ఎన్నొద్దులసంది?"

"ఏం లేదమ్మా, పేపర్లు దిద్ది..."

"కోమలా. నాకు జెప్తున్నవా? నా మెడ గుడ మొదాలు గట్లనే బిగిసింది. ఎన్నొద్దులసంది?"

"ఏడాది" అన్నాను. "ఎక్స్‌రే తీయించిన. బీరువల పెట్టిన. భయమైతాందమ్మా."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. అమ్మ దోసిలి పట్టి నీళ్లు తెచ్చి నా నోటికి పెట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆరేళ్లప్పుడు నాయిన గ్లాసుతో తాగించినట్టే తాగాను. అవి చల్లగా, తియ్యగా ఉన్నాయి.

ఐదో కారణం ఇప్పుడు రాస్తాను. అమ్మను చూస్తే నాకు సిగ్గు. రెండేళ్ల కింద నాకు ఉత్తమ టీచరని శాలువా కప్పిన రోజున కూడా అలసిపోతావని చెప్పి ఇంట్లోనే ఉంచాను. అమ్మ వంగిన నడుము కాదు, అది రేపటి నా నడుమని నా సిగ్గు. ఆమెను పక్కన పెడితే అది నాదాకా రాదనుకున్నాను.

హోటలుకు వచ్చాక జాషువాకు అంతా చెప్పాను. కొట్టులో ఏ మందు సీసా ఎక్కడుందో చూడకుండా చెప్పే మనిషి, నా చేయి పట్టుకుని ఎక్స్‌రే ఎక్కడుందని మూడుసార్లు అడిగాడు.

అక్టోబరు 9

విమానాశ్రయంలో గ్రూప్ ఫొటో. అమ్మ ముందు వరసలో ఉంది, నేను ఆమె పక్కన ఉన్నాను. నాగరాణి "పెద్దమ్మా, ఇటు తిరుగు" అంటూ ఫోన్ పట్టుకుని నేలమీద కూర్చుంది. నిండు క్యాను పెద్ద పెట్టెలో వస్తోంది.

అక్టోబరు 15, మంగళవారం

నల్లగొండ. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఏ ఊరని అడిగాడు. మర్రిగూడ అని అమ్మే చెప్పింది. ఇంకేం అడగలేదాయన. బిగిసిన ఎముక వెనక్కి రాదట. కానీ ఇరవై రెండేళ్లుగా వేరే నీళ్లు తాగడం మంచిదైందట. ఇంతకంటే ముదరకుండా ఆపవచ్చునట. రోజూ చేయమని వంగే కసరత్తులు చూపించాడు. లోపలికి అమ్మ చేయి పట్టుకుని వెళ్లాను. విన్నాక అమ్మను నేను పట్టుకుని బయటికొచ్చాను.

అక్టోబరు 27, ఆదివారం

మా గేటు బయట జాషువా కొత్త నల్లా పెట్టించాడు. మేస్త్రీ నాలుగడుగులని గీత గీస్తే అమ్మ ఒప్పుకోలేదు. తన నోటి దగ్గర వేలు పెట్టి చూపించి, ఆ ఎత్తుకే పెట్టించింది. యెరెవాన్ క్యాను మూత తీసి ఆ దిమ్మె సిమెంటు ఆ నీళ్లతోనే కలిపించింది. పచ్చి సిమెంటు మీద మేకుతో నాయిన పేరు నేను రాశాను. ఇస్రాయేలు.

బీరమ్మ వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. "గింత కింద పెట్టిండ్రేందే? నడుములు విరగాల్నా?"

"తాగెటోళ్లు జర వంగాలె" అంది అమ్మ.

ఇక్కడ నల్లా విడిచిపెట్టే నీళ్లు మనకు లేవు. తాగాక కట్టేయాల్సిందే. కట్టేసిందీ లేనిదీ అమ్మ రోజుకు పదిసార్లు చూసి వస్తోంది.

ఇవాళ కసరత్తు అయ్యాక నేనూ వెళ్లాను. అమ్మ నల్లా తిప్పి పక్కన నిలబడింది. వంగాను. మొన్నటి జానెడు ఇవాళ బెత్తెడైంది. అమ్మ ముఖం నా ముఖం ఎదురుగా ఉంది, ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో.

"ఇంక జర, బిడ్డా" అంది.